చెదరగొట్టని చుక్కలు

నమోదు 63

నిన్నటి నమోదులో ఒక అబద్ధం రాశాను. "దిబ్బ మీద మూడు చెలమలు పూడ్చారు. సమాచారం ఎలా బయటికి వెళ్ళిందో తెలియదు" అని. పరిశోధకులు రాసే ఈ దినచర్యలో ఒకసారి రాసింది కొట్టెయ్యడానికి వీల్లేదు, కింద కలపడమే. అందుకని కలుపుతున్నాను. ఎలా వెళ్ళిందో నాకు తెలుసు.

తెలుసని రాసి అరగంటయింది. తర్వాతి వాక్యం రావడం లేదు. లేచి, ఆడవాళ్ళ చేతి దారి గాజుల్ని చదివే పరికరం ఛార్జింగుకి పెట్టాను. మంచు వల దులిపాను. గిన్నెలో పావు లీటరు పడితే వడపోసుకున్నాను. పనులు చేస్తున్నంత సేపూ నేను మంచిదాన్నే అనిపిస్తుంది. మళ్ళీ కూర్చున్నాను.

నిన్న పొద్దున్న మంచినీటి మండలి పడవ వచ్చింది. నలుగురు దిగారు. ఒకడి భుజాన గొట్టం, ఒకడి చేతిలో చిన్న తెర. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎక్కడా వెతకలేదు. తెర చూసుకుంటూ తిన్నగా నడిచి, రావణాసురుడి మీసాలు కప్పి ఉన్న మొదటి చెలమ దగ్గర ఆగారు. ఆ ముళ్ళగడ్డి దిబ్బంతా ఉంటుంది. దాని కింద చెలమ ఉందని నాలుగడుగుల దూరంలో నిలబడినా తెలియదు. వాళ్ళకి తెలిసింది. గడ్డి లాగేసి బూడిదరంగు జిగురు పోశారు. అది పడ్డ చోట ఇసుక గంటలో రాయైపోతుంది. తర్వాత రెండోది, ఆపైన మూడోది. మొత్తం నలభై నిమిషాల పని.

ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. నేనూ వాళ్ళతోనే నిలబడ్డాను. ఆ తెర మీద పువ్వులాంటి గీతలు నాకు దూరం నుంచే కనబడ్డాయి. ఆ రంగులు ఎంచింది నేనే.

నమోదు 64

ఉన్నదున్నట్టు రాస్తాను. రాస్తే కాస్త తేలికవుతుందని ఎవరో చెప్పారు, చూద్దాం.

నా పని నీళ్ళ కోసం ఆడవాళ్ళు నడిచే నడకని పటంలో పెట్టడం. సముద్రం లోపలికొచ్చి ఊళ్ళు మునిగాక మిగిలిన ఇసుక దిబ్బల్లో ఇదొకటి. నాలుగు కిలోమీటర్ల పొడుగు, నూటయాభై అడుగుల వెడల్పు, డెబ్భై గడపలు. మండలి పడవ మనిషికి రోజుకి నాలుగు లీటర్లు ఇస్తుంది. తాగడానికీ, వండుకోవడానికీ, ఒంటికీ అన్నిటికీ అంతే. మిగతాది ఇసుకలో తవ్విన చెలమల్లో ఊరే నీళ్ళు. చెలమ తవ్వితే అడుగునున్న ఉప్పునీరు పైకొస్తుందని మండలి నిషేధం పెట్టింది. అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ నాలుగు లీటర్లతో బతికి చూసిన మండలి సభ్యుడెవరూ నాకు ఇంతవరకూ తగల్లేదు.

పద్ధెనిమిది మంది ఆడవాళ్ళకి దారి గాజులు తొడిగాను. ఈ నమోదుల లెక్క ఆ రోజు నుంచే. ఎటు నడిచినా ఆ గాజు రాసుకుంటుంది. రాత్రికి అవన్నీ నా సాఫ్ట్‌వేర్‌లో చుక్కలూ గీతలూ అవుతాయి. తొడిగే ముందు గరికిన నూకరత్నం నన్ను నిలదీసింది. నేను ఉంటున్నది ఆవిడ ఇంటి చూరు కిందే.

"మా దారులు ఎవురికీ సూపించవు గదా?"

"చూపించను. పేర్లుండవు. చోట్లు కూడా మార్చేస్తాను."

"అయితే బిందె మీద సెయ్యెయ్యి."

ఇక్కడ ప్రమాణమంటే అదే. నిండు బిందె మూతి మీద అరచెయ్యి పెట్టి మాటివ్వాలి. పెట్టాను. ఇలాంటి ఆచారాల గురించి నోట్సులో ఎంత ముచ్చటగా రాసుకున్నానో ఇప్పుడు తిరగేస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మాటిచ్చినట్టే చేశాను కూడా. సాఫ్ట్‌వేర్‌లో "చెదరగొట్టు" అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ప్రతి చుక్కా ఉన్న చోటు నుంచి అర కిలోమీటరు లోపల ఎటో ఒకవైపు జరిగిపోతుంది. చూసేవాడికి మొత్తం మీద నడకెంతో తెలుస్తుంది, చోటు తెలియదు. మెట్ట ప్రాంతాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. నూటయాభై అడుగుల దిబ్బ మీద అర కిలోమీటరు జరిపితే చుక్కల్లో చాలా భాగం సముద్రంలో పడ్డాయి.

మా పరిశోధన కేంద్రానికి వెళ్ళి పటాన్ని మొదటిసారి తెర మీద వేసినప్పుడు మా డైరెక్టర్ చిత్తరంజన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశారు. "హైమా, మీ ఆడవాళ్ళు నడిసముద్రంలో మంచినీళ్ళు తోడుతున్నారేంటమ్మా?" అన్నారు. గదిలో ఇరవై మంది నవ్వారు. నేనూ నవ్వాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

ఆ సాయంత్రం మీట తీసేశాను. ఒక్క బొమ్మకే. చుక్కలన్నీ వచ్చి తమ తమ చోట్ల వాలాయి. మండలి డ్రోన్ల కంట పడకుండా ఈ ఆడవాళ్ళు చెలమకి తిన్నగా వెళ్ళరు. పుల్లలేరుకునే వాళ్ళలా ఒకరోజు ఇటు, ఒకరోజు అటు చుట్టు తిరిగి వెళ్తారు. ఆ చుట్టుదారులన్నీ పటం మీద రేకుల్లా విచ్చుకున్నాయి. ప్రతి పువ్వు నడుమా ఒక చెలమ. ఎంత అందంగా ఉందో! మర్నాడు ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టారు.

ఆ బొమ్మని వెనక్కి తీసి మీట మళ్ళీ నొక్కడం మర్చిపోయానని రాద్దామనుకున్నాను. మర్చిపోలేదు. బాగుందని ఉంచేశాను. నెలాఖరున పటాలన్నీ ఉమ్మడి భాండాగారంలోకి వెళ్తాయి. అక్కణ్ణించి ఎవరైనా తీసుకోవచ్చు. మండలి తీసుకుంది.

తేలికవ్వలేదు.

నమోదు 65

ఊళ్ళో ఎవరు చెప్పారా అని వెతుకుతున్నారు. వెతకడానికి పెద్ద టైమేం పట్టలేదు. మరిడమ్మ తమ్ముడు మండలి పడవ నడుపుతాడు. చాలదూ!

మరిడమ్మ అరవై దాటిన మనిషి. దిబ్బకి ఉత్తరపు కొసన ఉంటుంది. కూతురు గంగ పురుడు పోసుకుని ఇరవై రోజులయింది, ఆడపిల్ల. నా పద్ధెనిమిది గాజుల్లో ఒకటి మరిడమ్మ చేతికే ఉంది.

ఇంకో చెలమ మిగిలింది, నాలుగోది. దాని దగ్గర పొద్దున్నే ఆడవాళ్ళు వరుసలో ఉంటే మరిడమ్మ వచ్చి నిలబడిందట. ఎవరూ ఒక్క మాట అనలేదట. ఆవిడ వంతు వచ్చేసరికి నూకరత్నం చెలమ మీద గడ్డి కప్పేసి, "నీల్లడుగంటినాయి" అందట. అందరూ వెళ్ళేదాకా మరిడమ్మ అక్కడే కూర్చుని, తర్వాత గడ్డి తీసి చూసిందో లేదో తెలియదు. ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది.

ఇదంతా నూకరత్నమే నాకు చెప్పింది. చెబుతూ చెబుతూ నా చెంబులో చెలమ నీళ్ళు పోసింది.

"ఈ నాలుగోది ఎలా మిగిలింది?" అని అడిగాను. నా పటంలో అది లేదు. ఎందుకు లేదో అర్థం కాక నాకు రెండు రోజులుగా తల బద్దలవుతోంది.

నూకరత్నం కాస్త మొహమాటపడింది. "నీకు సెప్పనేదు. దానికాడికి ఎల్లినప్పుడు నాను గాజు తీసేసి ఎల్లేదాన్ని. మిగతావోల్లకీ అదే సెప్పినాను. నీ మీద అనుమానం కాదమ్మా. అన్నీ ఒక్కసోట ఎట్టకూడదని."

ఆ రోజుల్లో గాజు కదలకుండా ఉంటే నేను "సిగ్నల్ లోపం" అని రాసి, పక్క రోజుల లెక్క చూసి ఖాళీలు పూరించాను. వాళ్ళ జాగ్రత్త నాకు లోపంలా కనబడింది. నీళ్ళు తాగేసి చెంబు ఇచ్చేశాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా.

నమోదు 66

చిత్తరంజన్ గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"బొమ్మ భాండాగారంలోంచి ఇప్పుడే తీయించేస్తాను. నువ్వు మాత్రం అక్కడ ఎవరితోనూ అనకు" అన్నారు.

"వాళ్ళు ఇంకొకావిణ్ణి అనుమానిస్తున్నారు సార్."

"నాలుగు రోజుల్లో సర్దుకుంటుందమ్మా. ఊళ్ళన్నాక ఇవి మామూలే. మాటిచ్చి తప్పామని బయటపడితే కేంద్రం మూసేస్తారు. నీతోపాటు ఇంకో పదకొండు మంది రోడ్డున పడతారు. ఈ తీరం మీద రేపు ఏ దిబ్బలోనూ ఏ పరిశోధకుణ్ణీ అడుగు పెట్టనివ్వరు. ఆలోచించుకో."

ఆయన దుర్మార్గుడేం కాదు. నా మొదటి జీతం ఆలస్యమైతే తన జేబులోంచి ఇచ్చిన మనిషి. ఆయన చెప్పిన ప్రతి కారణమూ సరైనదే. పైగా అవన్నీ నేను అంతకు ముందే నాకు చెప్పుకున్న కారణాలు. వేరే గొంతులో వినడానికే ఫోన్ చేశానేమో.

నమోదు 67

ఈ రోజు చెప్పలేదు.

నమోదు 69

నిన్న రాయలేదు. నిన్న కూడా చెప్పలేదు.

గాజుల్లోంచి నడకలు దించుకోవడానికి రోజూ దిబ్బ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాలి. మరిడమ్మ గుమ్మం ముందు నుంచే దారి. ఇవాళ ఆవిడ పసిదాని బట్టలు సముద్రపు నీళ్ళతో జాడిస్తోంది. ఆ ఉప్పుకి పిల్ల తొడలు ఎర్రగా కందిపోయాయి. మూలుగుతోంది. గంగ పక్కనే కూర్చుని దానికి విసనకర్రతో విసురుతోంది.

"ఏటి హైమమ్మా, ఎండలో తిరుగుతున్నావు? కూకో" అంది మరిడమ్మ.

"పని ఉంది పిన్నీ."

"నీ పనెప్పుడూ ఉంటాది. రెండు మాటలాడి ఎల్లు."

కూర్చోలేదు. కూర్చుంటే ఆ కళ్ళలోకి చూడాలి. గాజుని చదివే పరికరం ఆవిడ చేతికి ఆనించాను. వారం రోజులుగా ఆవిడ నడక ఇంటి నుంచి పడవ రేవు, పడవ రేవు నుంచి ఇల్లు. ఇంకెక్కడికీ లేదు. బాలింత ఉన్న ఇంట్లో నెల నిండని పసిపిల్లకి రేషన్ రాయరు. ఇద్దరి వాటా ఎనిమిది లీటర్లతో ముగ్గురు.

సాయంత్రం నా వాటా డబ్బాలో సగం వాళ్ళ గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాను. చెప్పకుండా, చప్పుడు చెయ్యకుండా, దొంగలాగ. పెద్ద ధర్మాత్మురాలినని ఒక నిమిషం అనిపించింది. ఆ నిమిషం గుర్తొస్తేనే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నమోదు 70

నూకరత్నం నిలేసింది.

"మరిడమ్మ గుమ్మంకాడ నీల్లెట్టినావంట?"

"పసిపిల్ల ఉంది కదా."

"పిల్ల సేసిందేటి, నిజమే. కానీ ఆ మనిసి మా నోట్లో మట్టి కొట్టింది. మా అత్త తవ్విన చెలమ అది. నలభై ఏళ్ళు ఎండనేదు. రాయి సేసి పారేసినారు." కళ్ళు తుడుచుకుంది. "నాకు మాత్రం కడుపు తరుక్కుపోదేటి? నానూ ఆయమ్మా ఒకే ఏడు ఈ దిబ్బకొచ్చినాం. నా ఇద్దరి పిల్లల పురుల్లూ ఆయమ్మే సేసింది. అదేనమ్మా నాకు మరీ మంటగా ఉన్నాది."

"మరిడమ్మే చెప్పిందని ఎవరైనా చూశారా?"

"ఇంకెవురు సెప్తారు? మనలో ఉన్నోల్లే గదా సెప్పాల! పైనున్న డ్రోనుకి గడ్డి కింద కనబడతాదేటి?"

మనలో, అంది. నన్ను కలుపుకునే అంది. నేను తల ఊపాను. ఆ మనలో ఉండిపోవాలని ఎంత ఆశో నాకు. ఈ దిబ్బ మీదికి వచ్చిన ఏడాదిలో మొదటిసారి విన్నానా మాట.

నమోదు 71

పొద్దున్నుంచీ ఒక వాక్యం తయారుచేస్తున్నాను. "సాంకేతిక లోపం వల్ల పటంలో చోట్లు బయటపడ్డాయి." ఎవరు చేశారో లేని వాక్యం. చక్కగా కుదిరింది. పైకి చదువుకుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. అది వద్దు. రేపు రేవు దగ్గర అందరూ ఉన్నప్పుడు మామూలు మాటల్లో చెప్పేస్తాను.

నమోదు 72

గాలివాన. పడవ రాలేదు. రేవు దగ్గర ఎవరూ లేరు. ఎంత ఊపిరి పీల్చుకున్నానో రాయడానికి కూడా ముఖం చెల్లడం లేదు.

నమోదు 73

మరిడమ్మ వెళ్ళిపోయింది.

పొద్దున్న నీళ్ళు దించిన పడవలోనే ఎక్కించుకుపోయాడు ఆవిడ తమ్ముడు. గంగ, పసిది, రెండు మూటలు. మెట్ట మీద మండలి శిబిరం ఉంది. దిబ్బ హక్కు వదులుకుంటున్నట్టు వేలిముద్ర వేస్తే అక్కడ ఒక గది ఇస్తారు. వేశాక మళ్ళీ దిబ్బ మీద ఇల్లు కట్టుకునే వీలుండదు. నేను లేచి రేవుకి వెళ్ళేసరికి పడవ పాయ మలుపు తిరిగిపోయింది.

నా గూడు ముందు ఇసుకలో మరిడమ్మ గాజు పెట్టి ఉంది, శుభ్రంగా తుడిచి.

గాజు చేతిలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మొన్నే చెప్పి ఉంటే వెళ్ళేది కాదు. అటు మొన్న చెప్పి ఉంటే ఆ పిల్ల తొడలు కందేవి కావు. ఆ మీట తీసింది ఒక్క క్షణం పని. చెప్పకుండా ఉండడం మాత్రం పదకొండు రోజులు, రోజూ పొద్దున్నే లేచి కొత్తగా చేశాను.

నమోదు 74

చెప్పాను.

రేవు దగ్గర పడవ కోసం డబ్బాలు పెట్టుకుని ముప్ఫై నలభై మంది ఉన్నారు. వరుస ముందుకెళ్ళి నిలబడ్డాను. వాటా కోసం ముందుకి దూరుతున్నాననుకుని ఒకావిడ కసిరింది కూడా. "చెలమల చోట్లు మండలికి తెలిసింది నా వల్ల. నేను వేసిన పటంలో ఉన్నాయి. చోట్లు మార్చేస్తానని చెప్పి మార్చలేదు. మారిస్తే పటం బాగా కనబడలేదు. నన్ను చూసి నవ్వారు. అందుకని. మరిడమ్మ పిన్నికి ఏ పాపమూ తెలియదు. ఇది నాకు మొదటి రోజు నుంచీ తెలుసు."

కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పటం బాగా కనబడాలనా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. కోపంగా కాదు, సరిగ్గా విన్నామా లేదా అన్నట్టు.

"అవును."

నూకరత్నం నా దగ్గరికి వచ్చింది. మణికట్టు దగ్గర గాజు బిగుసుకుపోయి ఉంటే ఉమ్మి తడి చేసి లాగింది. నా డబ్బాలో వేసింది. తర్వాత ఇంకొకావిడ, ఆ వెనక మరొకరు. పదిహేడు గాజులు పడ్డాయి.

"బిందె మీద సెయ్యేసినావు" అంది నూకరత్నం.

అంతే అంది. నేను క్షమించమని అడగబోతే చెయ్యెత్తి ఆపింది. "నాకు సెప్పకు. ఆయమ్మ ముందర గడ్డి కప్పేసింది నాను. నా సిగ్గు నాకున్నాది. నీదీ నాదీ కలపకు." గాజుల డబ్బా నా వైపు నెట్టింది. "పడవొత్తాది. ఎల్లి ఆయమ్మని తీసుకురా. నా ఇంట్లో ఉంటాదని సెప్పు. వేలిముద్రా లేదు, తోకా లేదు. ఎవుడొచ్చి లేపుతాడో సూత్తాను."

పడవెక్కే ముందు చిత్తరంజన్ గారికి రాజీనామా, జరిగిందంతా రాసిన కాగితం, పటం అసలు ప్రతి పంపించాను. ఆయన దగ్గర్నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు. నాతోపాటు రోడ్డున పడబోయే ఆ పదకొండు మంది పేర్లూ నాకు తెలుసు.

నమోదు 75

రాజీనామా చేశాక ఈ దినచర్య ఇక ఎవరూ చదవరు. అయినా ఇది రాయాలి.

శిబిరం అంటే రేకుల గదుల వరుసలు. వరుసకో కుళాయి. మరిడమ్మ కుళాయి దగ్గర కూర్చుని బట్టలు ఉతుకుతోంది. ధార అలా పడుతూనే ఉంది. దిబ్బకి అలవాటైన కళ్ళతో ఊరికే పడుతున్న నీళ్ళు చూశాను. కట్టెయ్యమని అరవబోయాను.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకుంది.

గదిలోకి తీసుకెళ్ళింది. పసిది నిద్రపోతోంది. కాళ్ళు మామూలు రంగుకి వస్తున్నాయి. నేను కూర్చోకుండానే చెప్పేశాను. రేవు దగ్గర చెప్పినట్టే, అవే మాటలు. నూకరత్నం రమ్మందని కూడా చెప్పాను.

మరిడమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక అంది: "నాకు తెలుసు గదా."

"ఏం తెలుసు?"

"నీ పటమేనని. జిగురు పోసిన రోజే మా తమ్ముడు సెప్పినాడు. ఆఫీసరు సేతిలో సూసినాడంట. పువ్వుల్లాగ గీతలు, కింద మీ కేంద్రం ముద్ర. గాజులమ్మ గీసిందే అక్కా, అన్నాడు."

గోడకి ఆనుకున్నాను. "మరి అందరితో చెప్పలేదేం పిన్నీ?"

"నాను సెప్తే ఎవురు నమ్ముతారు? 'మా తమ్ముడు సూసినాడు' అనాల. 'సూడండి, తమ్ముడే' అంటారు. అది నువ్వు సెప్పాల." పసిదాని మీద వాలిన ఈగని తోలింది. "రోజూ మా గుమ్మం ముందు నుంచే ఎల్లేదానివి. ఇయ్యాల సెప్తాది, ఇయ్యాల సెప్తాది అని సూసేదాన్ని. కూకోమంటే కూకోకపోయేదానివి. నీల్లెట్టి ఎల్లిపోయిన రోజు, రేపు సెప్పేత్తాదిలే అని గంగతో అన్నాను కూడా."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవద్దనలేదు. ఓదార్చలేదు, తిట్టలేదు.

"నూకరత్నంతో సెప్పు, కోపం నేదని. కానీ రాను. పిల్లకి కుళాయి అలవాటైపోనాది." ఎండలోకి చూసింది. "ఇక్కడ చెలమ లోపల దిగితే ఉండే సల్లదనం ఉండదు. అంతే."

లేచి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"తాగు. ఎండనపడి ఒచ్చినావు."

వద్దనాలనుకున్నాను. దాహం వేస్తోంది. గ్లాసు ఎత్తి, ఆవిడ చూస్తుండగానే, అన్నీ తాగేశాను.